వాదించుకుందాం, విడిపోవద్దు

 

ఈసారి వాదన గురించి మాట్లాడుకుందాం. వాదన ధమ్మంలోకి ఎట్ల వస్తదని అడగొద్దు. ఆర్య అష్టాంగ మార్గంలో మూడో అంగం సమ్యక్ వాక్కు. పొద్దున లేచింది మొదలు పండుకునేదాక మనం ఎక్కువగా ఖర్చు చేసేది మాటలే. ధ్యానానికి పావుగంట దొరకనోళ్లకు కూడా వాదనకు రెండు గంటలు దొరుకుతయి. కాబట్టి ధమ్మం అక్కడ పనిచేయకపోతే ఇంకెక్కడ పనిచేస్తది?

హవేలిఘనపూర్‌లో సాయంత్రం పూట చాయ్ తాగే దగ్గర మన పిల్లలు కూడితే మూడు సంగతుల మీద కొట్లాట నడుస్తది. ఒకటి సైన్సు ప్రశ్నలు, పొడుపు కథల్లాంటివి. రెండోది కంప్యూటర్లు, ఫోన్లు: ఏ ప్రాసెసర్ మంచిది, ఎన్ని జీబీల ర్యామ్ కావాలె. మూడోది రాజకీయం. మొదటి రెండిట్ల గొంతు లేస్తది, ఆఖరికి నవ్వుతోటి అయిపోతది. మూడోది వచ్చేసరికి చాయ్ చల్లారుతది, మనుషులు వేడెక్కుతరు, మరునాడు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. అదే నోరు, అదే మనుషులు. రాయి గురించి, ర్యామ్ గురించి మాట్లాడేటప్పుడు ఉన్న బుద్ధి కులం గురించి, పార్టీ గురించి మాట్లాడేటప్పుడు ఎటు పోతదో మనం చూడాలె.

పుట్టిలో రాయి

పోచారం ప్రాజెక్టులో ఒకడు పుట్టి వేసుకొని నడిమధ్యకు పోయిండు. పుట్టిలో పెద్ద బండరాయి ఉన్నది. దాన్ని ఎత్తి నీళ్లల్ల పడేసిండు, అది అడుగుకు పోయింది. ఇప్పుడు నీటిమట్టం పెరుగుతదా, తగ్గుతదా, అట్లనే ఉంటదా? ప్రాజెక్టు చాలా పెద్దది, తేడా కంటికి ఆనదు గనుక ఒక చిన్న బావి అనుకోండి. ఫిజిక్సు చదివినోళ్లను కూడా తికమక పెట్టే పాత ప్రశ్న ఇది.

చానామంది పెరుగుతది అంటరు. రాయి నీళ్లల్ల పడ్డది కదా, నీళ్లు పైకి రావాలె కదా అని. కొందరు తేడా ఉండదు అంటరు, రాయి ముందు నుంచీ ఆ బావిలోనే ఉన్నది కదా అని. రెండూ వినడానికి బాగనే ఉంటయి. కానీ సరైన జవాబు: తగ్గుతది.

ఎట్ల అంటే చూడండి. పుట్టిలో ఉన్నప్పుడు రాయి తన బరువుకు సమానమైన బరువున్న నీళ్లను పక్కకు నెడుతది. 27 కిలోల రాయి అయితే 27 లీటర్ల నీళ్లు. తేలే ప్రతిదీ అంతే, ఆర్కిమెడిస్ సూత్రం. అదే రాయి అడుగుకు మునిగినంక తన సైజు ఎంతనో అన్ని నీళ్లనే పక్కకు నెడుతది. మన దిక్కు నల్ల గ్రానైటు నీళ్లకన్నా దగ్గర దగ్గర 2.7 రెట్లు బరువు. అంటే 27 కిలోల రాయి సైజు 10 లీటర్లే. మొదట 27 నెట్టింది, ఇప్పుడు 10 నెడుతున్నది. 17 లీటర్ల జాగ ఖాళీ అయింది, మట్టం దిగింది. రాయి బదులు ఎండు కట్టె మొద్దు పడేస్తే? అది పుట్టిలో ఉన్నా తేలుడే, నీళ్లల్ల ఉన్నా తేలుడే, కాబట్టి మట్టం మారదు.

నేను చెప్పిన గనుక నమ్మకండి. ఇంట్లో బకెట్ ఉంటది. సగానికి పైగా నీళ్లు పోసి, స్టీలు గిన్నె తేలనిచ్చి, గిన్నెలో ఓ రాయి పెట్టండి. బకెట్‌కు నీళ్లు తాకిన చోట స్కెచ్ పెన్నుతో గీత గీయండి. రాయి తీసి నీళ్లల్ల వేసి మళ్లీ చూడండి. బకెట్ ఎంత చిన్నదైతే, రాయి ఎంత పెద్దదైతే తేడా అంత బాగా కనపడుతది. ధమ్మానికి చెప్పే గుణాల్లో ఏహిపస్సికో అని రోజూ వందనలో అంటున్నం. రా, వచ్చి చూడు అని దాని అర్థం. ఆ మాటకు బకెట్ కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కేసపుత్తంలో కాలాములకు తథాగతుడు చెప్పింది కూడా ఇదే దారి. ఏదైనా పరంపరగా వస్తున్నదని ఒప్పుకోవద్దు, గ్రంథంలో ఉన్నదని ఒప్పుకోవద్దు, చెప్పేవాడు గొప్పగా కనిపిస్తున్నడని ఒప్పుకోవద్దు, మన గురువు గనుక అని కూడా ఒప్పుకోవద్దు. ఈ వరుస మనందరికీ నోటికి వచ్చు. అందులోనే ఇంకోటి ఉన్నది, దాన్ని మనం ఎక్కువగా చెప్పుకోం: ఉత్త తర్కం బాగున్నదని కూడా ఒప్పుకోవద్దు. "రాయి నీళ్లల్ల పడితే నీళ్లు పెరగాలె" అన్నది ఉత్త తర్కం. బకెట్ దగ్గర అది ఓడిపోతది.

ఒక ముచ్చట ఇక్కడనే చెప్పాలె. కాలామ సుత్తాన్ని కొందరు "ఎవరి మాటా వినొద్దు, నాకు తోచింది నేను నమ్ముత" అన్నట్టు వాడుకుంటున్నరు. సుత్తం అట్ల లేదు. ఏది కీడు చేస్తదో, ఏది మేలు చేస్తదో మీరే స్వయంగా తెలుసుకోండి, తెలిసినవాళ్లు దేన్ని తప్పు పడుతరో, దేన్ని మెచ్చుతరో అది కూడా చూడండి అని ఉన్నది. నాకు తోచింది అనేది పరీక్ష కాదు. తోచుడు అందరికీ తోస్తది.

నాలుగు తీర్ల జవాబులు

అంగుత్తర నికాయంలో ఒక గొప్ప సంగతి ఉన్నది. ప్రశ్నలు నాలుగు తీర్లు, వాటికి జవాబులు కూడా నాలుగు తీర్లు అంటడు బుద్ధుడు. ఏకంసంగా, అంటే ఖండితంగా అవును కాదు అని చెప్పాల్సినవి కొన్ని. విడదీసి చెప్పాల్సినవి కొన్ని, దాన్ని విభజ్జ అంటరు. ఎదురు ప్రశ్న వేసి చెప్పాల్సినవి కొన్ని. పక్కన పెట్టాల్సినవి కొన్ని. ఏ ప్రశ్న ఏ తీరుదో గుర్తుపట్టనోడితో మాట్లాడి లాభం లేదు అంటడు. అంతేకాదు, అడిగినదానికి పక్కదారి పట్టేటోడు, కోపం తెచ్చుకునేటోడు, ఎదుటివాణ్ణి ఎగతాళి చేసేటోడు, నోరు జారిన చిన్న మాటను పట్టుకొని లాగేటోడు, వీళ్లు సంభాషణకు తగరు అని కూడా చెప్పిండు. మన చాయ్ బల్ల దగ్గర ఈ కొలత పెడితే ఎంతమంది మిగులుతమో మీరే లెక్కేసుకోండి.

కంప్యూటర్ ముచ్చటతో చూస్తే ఈ నాలుగూ బాగా అర్థమయితయి. పాత 32 బిట్ విండోస్ ఉన్న కంప్యూటర్‌లో 8 జీబీ ర్యామ్ పెడితే మామూలుగా మొత్తం వాడుకుంటదా? వాడుకోదు. 32 బిట్లతో లెక్కపెట్టగలిగిన జాగలు 4,29,49,67,296, అంటే 4 జీబీ. ఇది ఖండితంగా చెప్పేది. దీంట్ల అభిప్రాయం ఏముంది?

రెండోది. ఒకడు 1 టీబీ హార్డ్ డిస్క్ కొన్నడు. ఇంటికొచ్చి పెడితే 931 జీబీ చూపించింది. దుకాణపోడు మోసం చేసిండని ఒకడు, నీకు కంప్యూటర్ తెల్వదని ఇంకొకడు. విడదీసి చూస్తే ఇద్దరి చేతిలో రెండు వేర్వేరు తూకపు రాళ్లున్నయి. తయారు చేసేటోళ్లు 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు అంటరు, వెయ్యి వెయ్యిగా లెక్క. విండోస్ లెక్క 1024 చొప్పున నడుస్తది, దాని దృష్టిలో ఒక జీబీ అంటే 1,07,37,41,824 బైట్లు. లక్ష కోట్లను దానితో భాగిస్తే 931 చిల్లర వస్తది. ఒక్క బైటు కూడా ఎటూ పోలేదు. దుకాణపోడు దొంగ కాదు, కొన్నవాడు అమాయకుడూ కాదు. మన కొట్లాటల్లో సగం ఇట్లాంటివే. బుద్ధుడు తనను తాను విభజ్జవాది అని చెప్పుకున్నడు, ఒక్క మాటలో తేల్చేటోణ్ణి కాదు, విడదీసి చెప్పేటోణ్ణి అని. అంత గొప్ప బిరుదు మనం వాడుకలోనే పెట్టుకోలేదు.

మూడోది. "అన్నా, ఏ ల్యాప్‌టాప్ మంచిది?" దీనికి వెంటనే ఇంటెల్ అనో ఏఎమ్‌డీ అనో అరిచేటోడు తప్పు తీరులో పోతున్నడు. ఎదురు ప్రశ్న వేయాలె. ఎవరికి? దేనికి? ఎంతల? టీచర్ ట్రైనింగ్ చదివే చెల్లెకు టైపింగు, వీడియో పాఠాలు అయితే ఒకటి. వీడియో ఎడిటింగ్ చేసే తమ్మునికి ఇంకోటి. ఇంట్లో పాత కంప్యూటరే ఉండి అది నత్తలెక్క నడుస్తుంటే, కొత్తది ఎందుకు, తిరిగే హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటే చాలాసార్లు పని అయిపోతది. అడగకుండ ఇవన్నీ ఎట్ల తెలుస్తయి?

నాలుగోది పక్కన పెట్టేది. లోకం శాశ్వతమా కాదా చెప్తే తప్ప నీ దగ్గర ఉండను అన్నడు మాలుంక్యపుత్తుడు. బాణం దిగబడ్డవాడు, బాణం వేసినవాని పేరేంది, కులమేంది, పొడుగా పొట్టినా చెప్తే తప్ప బాణం తీయనీయను అంటే చచ్చిపోతడు కదా అని తథాగతుడు జవాబిచ్చిండు. ఆ వరుసలో కులం కూడా ఉన్నది గమనించండి. ప్రాణం పోతుంటే వేసినవాని కులం అడిగే మూర్ఖుడు ఆ రోజుల్లో కూడా బుద్ధుని ఊహకు అందిండు. మన దగ్గర పక్కన పెట్టాల్సిన ప్రశ్న ఏదంటే, "అసలైన అంబేడ్కర్‌వాది ఎవరు?" ఈ ప్రశ్నతో మొదలైన ఏ వాదనలోనూ బాణం బయటికి రాలేదు.

రాజుల వాదన, పండితుల వాదన

మిళింద పఞ్హలో గ్రీకు రాజు మిళిందుడు నాగసేన భిక్షువును వాదనకు పిలుస్తడు. పండితులు వాదించినట్టు వాదిస్తవా, రాజులు వాదించినట్టు వాదిస్తవా అని నాగసేనుడు ముందే అడుగుతడు. తేడా ఏందని రాజు అడుగుతడు. పండితుల వాదనలో ముడి వేసుడుంటది, విప్పుడుంటది, ఒకడు ఓడిపోతడు, ఒప్పుకుంటడు, కోపం రాదు. రాజులు ఒక మాట చెప్తరు, కాదన్నవాన్ని శిక్షించమంటరు. రాజు పండితుల తీరుకు ఒప్పుకున్నంకనే ముచ్చట మొదలైతది. వాదనకు ముందు షరతు పెట్టుకున్న భిక్షువు ఆయన. మనం షరతు లేకుండ దిగుతం, మధ్యలో అందరం రాజులమైతం.

ఆ పుస్తకంలోనే రథం ముచ్చట ఉన్నది. చక్రమా రథం? ఇరుసా? నొగనా? అన్నీ విప్పితే రథం ఏది? ఇయ్యాల అయితే సీపీయూ పెట్టె విప్పండి. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎమ్‌పీఎస్, ఫ్యాను, వైర్లు. వీటిల్ల కంప్యూటర్ ఏది? ఏ ముక్కా కాదు. అన్నీ ఒక తీరుగా కూడితే కంప్యూటర్ అని పేరు పెట్టుకున్నం. మనిషి కూడా అంతే. మనిషిని ఎంత వెతికినా నెత్తురు, బొక్కలు, ఊపిరి, ఆలోచన దొరుకుతయి గానీ మాల అనే ముక్క, మాదిగ అనే ముక్క, రెడ్డి అనే ముక్క ఎక్కడా దొరకదు.

ఇక్కడ ఆగితే మాత్రం పెద్ద పొరపాటు. రథానికి సారం లేకపోయినా అది మీదికొస్తే కాలు విరుగుతది. కులానికి సారం లేదు, నిజమే. కానీ అది భూమి పట్టాలో ఉన్నది, కూలి రేటులో ఉన్నది, పెండ్లి సంబంధంలో ఉన్నది, శ్మశానానికి పోయే బాటలో ఉన్నది. "మనం బౌద్ధులమైనం, ఇంక కులం ముచ్చట ఎందుకు, వర్గీకరణ ముచ్చట ఎందుకు" అని నోరు మూయించేటోళ్లు అనత్తను అడ్డం పెట్టుకొని లెక్క నుంచి తప్పించుకుంటున్నరు.

గోదావరి ఒడ్డు నుంచి పదహారు మంది

వాదనకు వేరే దేశం పోయి ఉదాహరణ తెచ్చుకోవాల్సిన పని లేదు. సుత్తనిపాతంలో పారాయణ వగ్గం మన గోదావరి ఒడ్డున మొదలైతది. అస్సక దేశంలో బావరి అనే ముసలి గురువు ఉండేటోడు. ఆయన ఉన్న చోటు ఇప్పటి నిర్మల్ జిల్లా బాదన్‌కుర్తి అని మన పరిశోధకులు కొందరు చెప్తరు. ఆయన యజ్ఞం చేసి ఉన్నదంతా దానం ఇచ్చినంక ఇంకో బ్రాహ్మణుడు వచ్చి ఐదు వందలు అడిగిండు. లేవన్నడు. ఏడో రోజున నీ తల ఏడు ముక్కలైతది అని వాడు శపించి పోయిండు. బావరికి తిండి సహించలేదు, మంచం పట్టిండు.

కథలో ఒక దేవత కూడా వస్తది, దాన్ని అట్లుంచండి. మనకు కావాల్సింది తర్వాత బావరి ఏం చేసిండన్నది. తిరిగి శపించలేదు. తన పదహారు మంది శిష్యులను ప్రశ్నలతో పంపించిండు. వాళ్లు ప్రతిష్ఠానం, ఉజ్జయిని, విదిశ, కోశంబి, సాకేతం, సావత్థి మీదుగా మగధ దాక నడిచి బుద్ధుణ్ణి కలిసిండ్రు. తల అంటే ఏంది, తల పగులుడు అంటే ఏంది అని అడిగిండ్రు. అవిద్యనే తల, విద్య దాన్ని పగలగొడుతది అని జవాబు వచ్చింది. ఒక బెదిరింపు మాట జ్ఞానం అయింది అక్కడ. తర్వాత పదహారు మంది ఒక్కొక్కరు తమ సొంత ప్రశ్నలు అడిగిండ్రు. అందులో మోఘరాజు రెండుసార్లు అడిగినా జవాబు రాలేదని, ఇప్పుడు మూడోసారి అడుగుతున్ననని చెప్పి మళ్లీ అడుగుతడు. అలిగి పోలేదు. మన దగ్గర ఒక్కసారి జవాబు రాకపోతే నిలబడ్డ చోటనే చాప దులిపి పోయేటోళ్లున్నరు.

ఇప్పుడు అసలు ముచ్చట

రాజకీయం, రిజర్వేషన్లు, వర్గీకరణ. మొదట ఖండితంగా చెప్పాల్సింది ఒకటి ఉన్నది, ఎందుకంటే దాని మీద మన ఇండ్లల్లనే భయం పెడుతున్నరు. "బౌద్ధం తీసుకుంటే ఎస్సీ రిజర్వేషన్ పోతది" అని. పోదు. 1950 ఉత్తర్వులో హిందువులకే అని ఉండె. 1956లో సిక్కులను కలిపిండ్రు. 1990లో పార్లమెంటు చట్టం చేసి బౌద్ధులను కలిపింది. ఇది అభిప్రాయం కాదు, 32 బిట్లు 4 జీబీ లాంటిది. దీని మీద గంటసేపు వాదించినోడు చాయ్ పైసలు దండుగ చేసినట్టే. మెదక్ చుట్టుపక్కల మన చుట్టాల్లో క్రైస్తవులు మస్తుమంది ఉన్నరు, వాళ్లకు ఈ హక్కు లేదు. వాళ్ల ముందు దీన్ని గొప్పగా చెప్పుకొని ఎత్తిపొడవకండి. కరువు కాలంలో అన్నం పెట్టిన, చదువు చెప్పిన చర్చి దిక్కు పోయినోళ్లను తప్పు పట్టే అర్హత ఎవరికీ లేదు.

రెండోది వర్గీకరణ. 1994లో దండోరా ఉద్యమం మొదలైంది. 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు ఉమ్మడి రాష్ట్రం చట్టాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం, ఆరుగురు ఒక దిక్కు, ఒకరు ఒక దిక్కు, వర్గీకరణ చేయొచ్చని చెప్పింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో అమలులోకి వచ్చింది. 59 కులాలు, మూడు గ్రూపులు, 15 శాతంలో ఒకటి, తొమ్మిది, ఐదు. ఇదంతా మీకు తెలిసిందే. నేను ఎందుకు రాస్తున్ననంటే, ఈ అంకెలు తెలిసినోళ్లు కూడా వాదన మొదలైన ఐదు నిమిషాలకు అంకెలు వదిలి తాతముత్తాతల దాక పోతున్నరు. మీ తాతలు ఏం తిన్నరు, మా తాతలు ఎవరి ముందు నిలబడ్డరు అని. ఊరోళ్లు మనను ఏ మాటలతో తిట్టిండ్రో ఆ మాటలే మనం ఒకరి మీద ఒకరం వాడుతున్నం. కొన్ని చోట్ల వందన దగ్గర కూడా చాపలు రెండు దిక్కులైనయి. అందరం చూస్తున్నం, ఎవరం అంటలేం.

నా అభిప్రాయం దాచను. వెనుకబడ్డోళ్లల్ల ఇంకా వెనుకబడ్డోళ్లకు ముందు అందాలె అన్న సూత్రం ధమ్మానికి విరుద్ధం కాదు. ఏ కులం ఏ గ్రూపుల ఉండాలె, ఎన్ని శాతం అనేది ఉద్యోగాల లెక్క, చదువుల లెక్క, జనాభా లెక్క తీసి సరిచూసుకోవాల్సిన సంగతి. లెక్క తప్పున్నదని అన్నవాడు కులద్రోహి కాదు, లెక్క సరిగనే ఉన్నదని అన్నవాడు స్వార్థపరుడు కాదు. ఇద్దరూ బకెట్ దగ్గరికి రావాల్సినోళ్లే. "నువ్వు మాలోనివి గనుక అట్లంటున్నవు, నువ్వు మాదిగోనివి గనుక ఇట్లంటున్నవు" అన్న మాట మాత్రం వాదన కిందికి రాదు. పుట్టిలో రాయి ప్రశ్నకు "నువ్వు ఆర్ట్స్ చదివినవు గనుక తగ్గుతది అంటున్నవు" అంటే ఎంత నవ్వు వస్తదో ఇది కూడా అంతే. నవ్వు రాకుండ కోపం ఎందుకొస్తదంటే ఇక్కడ మన కడుపు ఉన్నది, పిల్లల సీటు ఉన్నది. కడుపు ఉన్న చోటనే బుద్ధి ఎక్కువ కావాలె.

బాబాసాహెబ్ దారి చూడండి. 1936లో లాహోర్ జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్లు ఆయనను అధ్యక్షోపన్యాసానికి పిలిచి, రాసింది చూసి భయపడి మార్చమన్నరు. ఆయన మార్చలేదు. సభ ఆగిపోయింది. అదే కులనిర్మూలన పుస్తకమై సొంత ఖర్చుతో అచ్చయింది. గాంధీ హరిజన్ పత్రికలో దాన్ని విమర్శించిండు. 1937లో రెండో అచ్చు వేసినప్పుడు బాబాసాహెబ్ గాంధీ రాసిన విమర్శను తన పుస్తకంలోనే అచ్చు వేసి, దాని పక్కన తన జవాబు పెట్టిండు. ఎదుటివాని మాటను ముక్కలు చేసి ఎగతాళికి వాడుకోలేదు. చదివేటోడు రెండూ చదివి తేల్చుకోవాలె అని. జవాబు మాత్రం ఎంత పదునుగా ఉన్నదో చదివినోళ్లకు ఎరుకే. సమ్యక్ వాక్కు అంటే మెత్తగా మాట్లాడుడు అనుకునేటోళ్లు ఆ పుస్తకం మళ్లీ చదవాలె. అభయ రాజకుమారునికి బుద్ధుడు చెప్పింది కూడా అదే: నిజమైన మాట, మేలు చేసే మాట ఎదుటివానికి నచ్చకపోయినా సమయం చూసి తథాగతుడు చెప్తడు. నచ్చినా సరే, మేలు చేయని మాట చెప్పడు.

గడ్డి కప్పుడు

సంఘంలో కొట్లాటలు రాలేదని కాదు. కోశంబిలో భిక్షువులు రెండు ముఠాలైండ్రు. కారణం ఏందంటే కాళ్లు మొక్కేంత చిన్నది: మరుగు దగ్గర చెంబులో కొన్ని నీళ్లు మిగిల్చి వచ్చిండు ఒక భిక్షువు అని అట్టకథలు చెప్తయి. అది తప్పా కాదా అని మొదలై సంఘమే చీలిపోయింది. బుద్ధుడు చెప్పినా వినలేదు. ఆయన వాళ్లను వదిలి అడవికి పోయిండు. ఆఖరికి ఎవరు దారికి తెచ్చిండ్రు? ఊరి జనం. దండం పెట్టుడు బంద్ చేసిండ్రు, భిక్ష వేసుడు బంద్ చేసిండ్రు. అప్పుడు బుద్ధి వచ్చింది. ఉపాసకులకు, ఉపాసికలకు ఎంత బలం ఉన్నదో ఈ కథ చెప్తది. మన మగపిల్లలు రెండు చాపలైతే మన అక్కలు, అమ్మలు చాయ్ పోసుడు బంద్ చేయొచ్చు.

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఒక సంగతి గుర్తుచేసిండు. సభా మర్యాదలు, తీర్మానాలు, కోరం, ఓట్ల లెక్క ఇవన్నీ భిక్షు సంఘాలకు అప్పట్లోనే తెలుసు అని. వినయ పిటకం తెరిస్తే అది కనపడుతది. వివాదాన్ని తీర్చే పద్ధతులు ఏడు చెప్పిండ్రు. మనకు రెండు చాలు.

మొదటిది సమ్ముఖా వినయం. ఎవరి మీద మాట ఉన్నదో వాళ్లు ఎదురుగా ఉండాలె. వెనుక మాట్లాడింది లెక్కలోకి రాదు. మన దగ్గర వర్గీకరణ మీద జరిగే ముచ్చట్లు పదింట తొమ్మిది ఎదుటివాడు లేనప్పుడు జరిగేవే. రెండోది తిణవత్థారకం, అంటే గడ్డి కప్పుడు. రెండు దిక్కులా అనరాని మాటలు అనుకున్నరు, ఇప్పుడు ఒక్కొక్కటి తవ్వుకుంటూ పోతే కొట్లాట ఇంకా పెద్దదైతది. అప్పుడు అందరూ ఒక్క చోట కూడాలె. ఈ దిక్కు నుంచి తెలివైన ఒకరు లేచి, ఆ దిక్కు నుంచి ఒకరు లేచి, మా దిక్కోళ్లు అన్న మాటలకు మా అందరి తరఫున నేను ఒప్పుకుంటున్న అని సంఘం ముందు చెప్పాలె. అంతే. ఎవరు ముందు అన్నరు, ఎవరు ఎక్కువ అన్నరు అన్న లెక్క తీయరు. మరీ పెద్ద తప్పులకు, గృహస్థులను అవమానించిన తప్పులకు ఇది వర్తించదని కూడా రాసిపెట్టిండ్రు, అంటే అన్నిటినీ గడ్డితో కప్పమని కాదు.

కప్పేది తిట్లను, ప్రశ్నను కాదు. వర్గీకరణ ప్రశ్న మర్నాడు కూడా అక్కడనే ఉంటది, దాన్ని లెక్కలతో మళ్లీ మాట్లాడుకోవాలె.

మా దగ్గర వచ్చే పౌర్ణమి వందన తర్వాత ఇది చేద్దామనుకుంటున్నం. చాప ఒక్కటే వేస్తం. రెండు దిక్కుల నుంచి మాట్లాడేటోళ్లను వాళ్లవాళ్లే ఎంచుకుంటరు, ఒకరైనా ఆడమనిషి ఉండాలని షరతు పెట్టినం. వర్గీకరణ చట్టం ప్రతి, మూడు గ్రూపుల కులాల పట్టిక, 1990 సవరణ చట్టం జిరాక్స్ అక్కడ పెడుతం. మాట్లాడేటోళ్లు ముందుగా ఎదుటివాళ్ల మాట ఏందో తమ నోటితో చెప్పాలె, ఎదుటివాళ్లు "అవును, మేం చెప్పేది ఇదే" అన్నంకనే తమ జవాబు మొదలుపెట్టాలె. మీ ఊర్ల చేసుకోవాలనుకుంటే ఆ జిరాక్సులు మా దగ్గర అడిగి తీసుకోండి. పెద్దోళ్లను ముందు వరుసలో కూసోబెట్టకండి, పిల్లలు నోరు తెరవరు.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.